స్తుతి కానుక కవరుమీద వ్రాసిన కారణము

(పఠనము: లూకా 18:9–14, అపొస్తలుల కార్యములు 1:15–26)



మన గ్రామ సంఘములలో కానుక పట్టిన తరువాత కాపరి కవరులు చదువుట వాడుక. కోడలికి కాన్పు సుఖముగా అయినందుకు నూరు రూపాయలు, తప్పిపోయిన దూడ దొరికినందుకు ఇరువది, బోరులో నీరు పడినందుకు ఐదువందలు అని ఒక్కొక్కటి చదువుచుందును. పద్దెనిమిది యేండ్ల పరిచర్యలో, పరిశుద్ధ గ్రంథము తప్ప ఈ కవరులకంటె నాకు ప్రియమైన పుస్తకము మరి లేదు. నేను ముప్పావుగంట ప్రసంగించి చెప్పలేనిది చదువురాని ముసలమ్మ ఒక్క పంక్తిలో వ్రాయించి పంపును. అయితే రెండేండ్ల క్రిందట చదివిన ఒక కవరు నన్ను ఇప్పటికిని విడువలేదు. నేను దానిని చదివిన విధానమే తప్పేమో అన్న అనుమానము నన్ను పట్టుకొన్నది. ఆ అనుమానమునే ఈ నెల మీ యెదుట పెట్టుచున్నాను.

మా సంఘములో కొన్ని కుటుంబములు కూలి పనుల నిమిత్తము చాల కాలము క్రిందట విశాఖపట్నమునకు పోయి మల్కాపురములో కాపురమున్నవి. ఒకప్పుడు అదియు మనవంటి పల్లెయే. ఇప్పుడు ఒక ప్రక్క ఓడలు కట్టు యార్డు, ఒక ప్రక్క 1957లో నిర్మించిన నూనెశుద్ధి కర్మాగారము, ఆవల రేవు, నడుమ ఇరుకు సందులలో ఇండ్లు. రాత్రివేళ ఆ కర్మాగారపు గొట్టముపై మంట వెలుగుచుండగా పిల్లలు ఆ వెలుగులోనే ఆడుకొందురు. మా సంఘస్థుడొకడు అక్కడ ఓడలకు తుప్పు గీకి రంగు వేయు కాంట్రాక్టు పని చేయును. ఆయన కుమారుడు ఆరడుగుల నాలుగంగుళముల పొడవు పెరిగి, కాలనీ మైదానములో బాస్కెట్‌బాల్ నేర్చి, జిల్లా తరఫున ఆడి, చివరకు దూరపు పట్టణములో జరుగు ఒక చిన్న లీగునకు ఎన్నికయ్యెను. ఆడినందుకు కూలి యిచ్చు లీగు అది. జట్టునకు పండ్రెండుగురు; వారిలో ఇతడు పండ్రెండవవాడు.

తండ్రి పండుగకు ఊరికి వచ్చినట్లు వచ్చి, ఆదివారమున రెండువేల రూపాయల కవరు వేసెను. నా కుమారుడు ఎన్నికైనందుకు దేవునికి స్తోత్రము అని దానిమీద వ్రాసియుండెను. నేను చదివితిని. చదువుటతో ఆగితినా? లేదు. దావీదు కథ చెప్పితిని. అన్నలను విడిచి గొఱ్ఱెల కాపరిని దేవుడు ఎన్నుకొన్నట్లే మన బిడ్డను ఎన్నుకొనెనంటిని. యౌవనస్థులు ఉత్సాహపడి అతని నిలువెత్తు ఫొటోతో ఫ్లెక్సీ వేయించి గుడి గేటునకు కట్టిరి. దేవుడు చేసిన మేలు అని పైన పెద్ద అక్షరములు. ఆ మాటలు నేనే వ్రాసి యిచ్చితిని.

ఇక్కడ ఆ ఆటనుగూర్చి కొంచెము చెప్పవలెను, ఏలయనగా దాని పుట్టుక మనవారి చేతిలోనే జరిగినదని మీలో అనేకులకు తెలియదు. జేమ్స్ నైస్మిత్ అను ఆయన 1861లో కెనడా దేశములో పుట్టెను. (మన ఉత్తర కోస్తాలో బొబ్బిలి, భీమునిపట్నము, శ్రీకాకుళము ప్రాంతములలో పనిచేసిన బాప్టిస్టు మిషనరీలును ఆ దేశపువారే గదా.) తొమ్మిదేండ్ల ప్రాయమున తల్లిదండ్రులు ఇద్దరును జ్వరముచేత చనిపోగా మేనమామ పెంచెను. చదువు మానివేసి అడవిలో చెట్లు కొట్టు కూలిపని చేసి, మరల బడికి పోయి, మాంట్రియల్‌లో ప్రెస్బిటేరియన్ వేదాంత కళాశాలలో చదివెను. పాస్టరు కావలసినవాడు వ్యాయామ ఉపాధ్యాయుడయ్యెను. ఆటస్థలములో కూడ దేవుని సేవ చేయవచ్చునని ఆయన నమ్మకము.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.ఎం.సి.ఏ. వారి శిక్షణాలయములో పద్దెనిమిదిమంది అల్లరి విద్యార్థులు ఆయన చేతికి వచ్చిరి. బయట మంచు. లోపల ఆడదగిన ఆట యొకటి పదునాలుగు దినములలో కనిపెట్టుమని పైవారి ఆజ్ఞ. ఉన్న ఆటలను గది లోపలికి తెచ్చి చూచెను గాని ఎముకలు విరుగునట్లుండెను. అప్పుడు ఆయన ఆలోచించిన తీరు నాకు మిక్కిలి నచ్చినది. బంతి పట్టినవాడు పరుగెత్తకూడదన్నచో అతనిని పట్టి పడద్రోయవలసిన అవసరముండదు. గమ్యమును మనుష్యుల తలలకు పైన ఉంచినచో బలముకొలది విసరుటవలన లాభముండదు, మెల్లగా వంపుగా వేయవలెను. ఇట్లు తలచి మేడ వరండాకు పది అడుగుల ఎత్తున రెండు పండ్ల బుట్టలు మేకులతో కొట్టించి, పదమూడు నియమములు వ్రాసి గోడకు అంటించెను. బలవంతుడు బలహీనుని నలుగగొట్టకుండ ఏర్పాటు చేసిన ఆట అది. నేటికిని ఆ బుట్ట పది అడుగుల ఎత్తుననే యున్నది.

వై.ఎం.సి.ఏ.వారే దానిని లోకమంతటికిని తీసికొనిపోయిరి. 1920లో హారీ క్రో బక్ గారు మద్రాసులో వారి పక్షమున వ్యాయామ విద్యాశాల స్థాపించగా, అక్కడ తర్ఫీదు పొందిన డ్రిల్లు మాస్టర్లు దక్షిణ దేశపు పాఠశాలలలో ఈ ఆటను నేర్పిరి. నేను చదివిన మిషను హాస్టలులో కూడ కంచె ప్రక్క ఒక ఇనుప వలయముండెడిది. దానికి మేము తడి తువాళ్లు ఆరవేసెడివారము.

ఆట పుట్టి అయిదేండ్లు నిండకమునుపే ధనము దాని వెంటబడెను. 1896లో ట్రెంటన్ అను ఊరి ఆటగాండ్రు వై.ఎం.సి.ఏ.ను విడిచి, ఒక హాలు అద్దెకు తీసికొని, టిక్కెట్టు పెట్టి ఆడి వచ్చిన సొమ్ము పంచుకొనిరని చెప్పుదురు. 1898లో కూలికి ఆడువారి మొదటి లీగు ఏర్పడెను. ఇందులో పాపమున్నదని నేననను. పనివాడు తన కూలికి పాత్రుడని ప్రభువే చెప్పెను. ఓడకు రంగు వేసినవానికి కూలి యిచ్చి, వేలమందిని సంతోషపెట్టినవానికి వట్టి చేతులు చూపుట న్యాయము కాదు. మా సెమినరీలో ఒక గురువుగారు ఆటలను లోకసంబంధమైనవని గద్దించుచుండిరి. ఆయన సాయంకాలము తోటలో ఒంటరిగా బ్యాడ్మింటను ఆడుట మేము చూచియున్నాము గనుక ఆ బోధ మాకు అంతగా ఒంటలేదు.

అయితే కూలి వచ్చినచోట లెక్క వచ్చును. ఎవడు చాలును, ఎవడు చాలడు అన్న లెక్క. పెద్ద లీగులలో ఆ లెక్క మేడమీద నుండి జరుగును. చిన్న లీగులలో గుమ్మమునొద్దనే జరుగును. అమెరికాలో పెద్ద లీగునకు క్రింద 2001లో ఎనిమిది జట్లతో ఒక చిన్న లీగు మొదలుపెట్టిరి. పైకి ఎక్కుటకు అది నిచ్చెన. పై జట్టువారు ఒక ఆటగానిని పదియంటే పది దినములకు ఒప్పందము వ్రాసికొని పిలువవచ్చును. పదియు గడచిన తరువాత పంపివేయవచ్చును. పంజాబులో బల్లోకే అను పల్లెలో రైతు కుమారుడు సత్నామ్ సింగ్ ఏడడుగుల పైచిలుకు పొడవుగలవాడు. 2015 జూన్‌లో డల్లాస్ జట్టు అతనిని 52వ వానిగా ఎన్నుకొనెను. మన దేశములో పుట్టినవారిలో అట్లు ఎన్నికైనవాడు అతడే మొదటివాడు. దేశమంతయు పొంగిపోయెను. తరువాత రెండు సీజనులు అతడు టెక్సాస్ లెజెండ్స్ అను చిన్న లీగు జట్టులో ఎక్కువభాగము బల్లమీదనే గడపి, పెద్ద లీగులో ఒక్క ఆటయు ఆడకయే తిరిగి రావలసి వచ్చెను. అతడు ఎన్నికైన దినము మనకు జ్ఞాపకము. తిరిగి వచ్చిన దినమును ఎవరు జ్ఞాపకముంచుకొనిరి?

మన దేశపు లీగులైతే లీగులే నిలువవు. హైదరాబాదు పేరుగల జట్టును కూడ చేర్చుకొని 2015లో ఆరంభమైన యు.బి.ఏ. అను బాస్కెట్‌బాల్ లీగు 2017 తరువాత నడువలేదు. 2018లో మువ్వురు మువ్వురుగా ఆడు మరియొక లీగు వచ్చెను. ఇట్లు ఒకటి పోవును, ఒకటి వచ్చును. ఆడువాని వయస్సు మాత్రము ఆగదు.

మన అబ్బాయి రెండు నెలలకే తిరిగి వచ్చెను. మల్కాపురములో అందరికంటె పొడవైనవాడు ఆ జట్టులో పొట్టివారిలో మూడవవాడట. ఒక్కొక్క ఆట నలువది నిమిషములు. సీజను మొత్తములో ఇతడు ఆడినది నలువదియొక్క నిమిషము. ఒక ఉదయము ఫలహారము దగ్గర ఒకాయన వచ్చి ఎదురుగా కూర్చుండి, టిక్కెట్టు కొన్నామని మర్యాదగానే చెప్పెనట. ఇడ్లీ ప్లేటులో రెండు మిగిలియుండెనని, తినవలెనో లేవవలెనో తెలియలేదని నాతో అన్నాడు. చేతిసంచి, తన నంబరుగల బనియను, రావలసిన కూలి తీసికొని రైలెక్కెను.

ఇదంతయు నాకు వెంటనే తెలియలేదు. అతడు క్రిస్మసునకు ఊరికి వచ్చెనుగాని గుడికి రాలేదు. తరువాత విచారింపగా సంగతి బయటపడెను. గేటునకు కట్టిన ఫ్లెక్సీ ఎండకు వెలిసి గాలికి చిరిగినందున, మా కోశాధికారిగారు పాడుచేయనేల అని దానిని తీసి తన గడ్డివాముపై వర్షమునకు కప్పిరి. ఈ కుర్రవాడు నాయనమ్మ ఇంటికి పోవుచు, తన ముఖము తలక్రిందుగా గడ్డివాముమీద ఉండుట, దానిపై కోడి కూర్చుండుట చూచెను. నవ్వెనట. నవ్వి నడిచి పోయెను. కోశాధికారిగారిలో ఏ దురుద్దేశమును లేదు. మా పల్లెలలో ప్రతి ఫ్లెక్సీకి అదే గతి, పెండ్లిదైనను పార్టీదైనను. నేను మాత్రము ఆ రాత్రి నిద్రపోలేదు. ఆ ఫ్లెక్సీమీది అక్షరములు నావి. దేవుడు చేసిన మేలు అని వ్రాసితినే, ఇప్పుడు దేవుడు ఏమి చేసెనని వ్రాయవలెను?

జనవరిలో గృహ దర్శనమునకు మల్కాపురము వెళ్లితిని. తల్లి టీ యిచ్చెను. తండ్రి పనికి పోయియుండెను. కుర్రవాడు గడపలో కూర్చుండి చాలసేపు ఏమియు మాటలాడలేదు. తరువాత అడిగెను:

“అయ్యగారూ, ఒక మాట అడగనా? ఎదర జట్టులో కేరళ అబ్బాయి ఒకడుండేవోడు. మా లాంటోళ్లే, క్రైస్తవులు. ఆట ముందు ఆడూ మోకాళ్లూనేవోడు, నేనూ ఊనేవోణ్ని. ఇద్దరం ఒకే దేవుణ్నే అడిగేవాళ్లం. ఎవరి మాట వినాల ఆయన?”

నేను సెమినరీలో నేర్చినది చెప్పబోయితిని. నోట రాలేదు.

“అదొగ్గీయండి. నన్ను తీసుకున్న రోజున పదమూడోవోడొకడున్నాడు. సెలక్షన్‌కి ఒకే బస్సులో వెళ్లాం, ఒకే డబ్బాలో తిన్నాం. నాకంటే బాగా ఆడతాడు. ఆడికి ఆ రోజు జొరం. మీరు గుళ్లో స్తోత్రం చెప్పింది ఆ జొరానికే కదండీ?”

సహోదరులారా, ఈ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేకపోయెను. ఇప్పటికిని పూర్తిగా లేదు. బస్సులో వచ్చునప్పుడు అది నన్ను మరియొక కాలమునకు తీసికొనిపోయినది. 1997 సెప్టెంబరు 14, ఆదివారము. ఆ ఉదయము ఇదే మల్కాపురములో నూనెశుద్ధి కర్మాగారమునందు గ్యాసు అంటుకొని యాభైమందికి పైగా చనిపోయిరి. జనులు కట్టుబట్టలతో ఇండ్లు విడిచి పరుగెత్తిరి. నాకప్పుడు పదునారేండ్లు. తరువాతి వారములలో మా గుడిలో ఎన్ని సాక్ష్యములు! ఆ రోజు డ్యూటీ మార్చుకొన్నందున బ్రదికితినని ఒకరు, బస్సు తప్పినందున బ్రదికితినని ఒకరు లేచి చెప్పుచుండగా మేము హల్లెలూయా అంటిమి. ఆ మంటలలో భర్తను పోగొట్టుకొనిన ఒక అమ్మ వెనుక చాపమీద కూర్చుండి, మాతోపాటు తానును చేతులెత్తెను. డ్యూటీ మార్చుకొన్నవాని బదులు పోయినవాడెవడో ఒకడు ఉండునని అప్పుడు ఎవరికిని తోచలేదు. ఆమె తరువాత ఇరువదియేండ్లు అదే చాపమీద కూర్చుండెను. సాక్ష్యము చెప్పుమని ఆమెను మేమెవరమును అడుగలేదు.

సిలోయములో గోపురము పడి చచ్చిన పదునెనిమిదిమంది మిగిలినవారికంటె ఎక్కువ అపరాధులని తలంచుచున్నారా అని ప్రభువు అడిగి, కాదని తానే చెప్పెను (లూకా 13:4–5). దీనిని మనము ఒప్పుకొందుము. చచ్చినవారు ఎక్కువ పాపులు కారు. అయితే దాని రెండవ ప్రక్కను కూడ ఒప్పుకొనవలెను గదా: బ్రదికినవారు ఎక్కువ ప్రియులు కారు. మొదటిది నోటితో చెప్పి, రెండవదానిని కవరుమీద కొట్టివేయుచున్నామేమో.

పరిసయ్యుని ప్రార్థనను తీసికొనుడి. అది అబద్ధికుని ప్రార్థన యని మనము తేలికగా చెప్పుదుము. కాని అతని మొదటి మాట స్తోత్రమే. అతడు తన్నుతాను పొగడుకొనలేదు, దేవునికే కృతజ్ఞత చెల్లించెను. ఉపవాసమును నిజమే, దశమ భాగమును నిజమే. మరి దోషమెక్కడ? అతని స్తోత్రము నిలబడుటకు ప్రక్కన ఒక సుంకరి కావలసివచ్చెను. వాడు లేనియెడల ఆ స్తోత్రము కూలిపోవును. నేను చదివిన కవరుకూడ అట్టిదేనా? పదమూడవవాడు లేనియెడల పండ్రెండవవాని స్తోత్రమునకు అర్థమే లేదు.

ఈ సంగతి మా సంఘ పెద్దలలో ఒకరితో ముచ్చటించితిని. ఆయన టమాట రైతు. నేను కొంత తెలివిగా, “పంట వేరు, పోటీ వేరు. నీ చేను పండుటకు నీ పొరుగువాని చేను ఎండనక్కరలేదు. గనుక పంటకు స్తుతి చెల్లించవచ్చును, గెలుపునకు తగదు” అంటిని. ఆయన తలగుడ్డ విప్పి మరల చుట్టుకొనుచు, “అయ్యగారూ, మీకు యెవసాయం తెలీదు. మదనపల్లెలో పంట పోతేనే గదండీ ఇక్కడ మన టమాటాకి ధర. క్రితం యేడు నేను వేసిన కవరు ఏ రైతు కన్నీళ్లో మరి” అన్నాడు. నా తెలివి అక్కడితో సరి. ఆలోచించినకొలది మన మేలులలో చాలవాటికి అవతల ఒకడు కనబడుచున్నాడు. ఒక ప్రభుత్వోద్యోగమునకు ఎంతమంది దరఖాస్తు పెట్టుదురు? ఒక పెండ్లి సంబంధము కుదిరినచో ఎన్ని ఇండ్లలో కుదరలేదు? అట్లయితే స్తుతులే మానివేయుదుమా? మానినయెడల మన హృదయములు రాయి యగును. దానికి నేను ఒప్పుకొనను. తండ్రి ఆ రెండువేలు కూడబెట్టుటకు ఎన్ని దినములు తుప్పు గీకెనో నాకు తెలియును. అది కల్తీ లేని కానుక.

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయములో ప్రథమ ఫలముల అర్పణ యున్నది. ఆ భాగమును ప్రతి సంవత్సరము కోత పండుగకు చదువుచునే యుందుము; ఈసారి అది నాకు క్రొత్తగా కనబడెను. రైతు గంప తెచ్చి యాజకుని యెదుట పెట్టి వెంటనే తన పంటనుగూర్చి చెప్పకూడదు. ముందు, నా పితరుడు దిక్కులేని దేశదిమ్మరి, ఐగుప్తులో బానిస అని ఒప్పుకొనవలెను. స్తోత్రము ఓటమితో మొదలుకావలెను. పిమ్మట ఆ మేలునుబట్టి సంతోషించునప్పుడు లేవీయుడును పరదేశియు, అనగా భూమి లేనివారు, పంట రానివారు, అతనితో కూడ సంతోషింపవలెను. ఆ ముందరి మాటయు ఆ వెనుకటి విందును తీసివేసి, నడిమి గంపను మాత్రమే మేము ఎత్తి చూపుచున్నాము. నేను ఆ కవరు చదివినప్పుడు దావీదును ఎత్తుకొంటినిగాని, ఈ యింటివారు తాతలనాడు ఏ వట్టి చేతులతో మల్కాపురము పోయిరో చెప్పలేదు. పదమూడవవానిని తలచుకొనుట మాట అటుంచి, వాడొకడు ఉండునని ఊహింపనైనను లేదు.

పదమూడవవాడనగానే అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయము జ్ఞాపకము రాలేదా? యూదా స్థానమున ఒకనిని పెట్టవలసి వచ్చినప్పుడు ఇద్దరిని నిలువబెట్టిరి. ఒకడు మత్తీయ. రెండవవాడు బర్సబ్బా అనబడిన యోసేపు, అతనికి యూస్తు అని మారుపేరు. ఇద్దరును యోహాను బాప్తిస్మము మొదలుకొని ప్రభువుతో తిరిగినవారే. ప్రార్థనచేసి చీట్లు వేసిరి. చీటి మత్తీయ పేరట వచ్చెను. పండ్రెండవవాడు దొరికెను. యూస్తు సంగతి ఏమి? లేఖనము మరల అతని పేరెత్తదు. పురుగులేని మనుష్యుడు, పరీక్షలో ఏ తప్పును లేదు, ఎన్నికగుటకు యోగ్యుడే, అయినను ఎన్నిక కాలేదు. అక్కడ కూర్చున్నవారు నూట ఇరువదిమంది. అందరి యెదుట.

ఈ వచనములమీద నేను రెండుసార్లు ప్రసంగించితిని, రెండుసార్లును మత్తీయమీదనే. మత్తీయ పేరు కూడ తరువాత కనబడదని అప్పుడు నేను గమనింపనైనను లేదు. గెలిచినవానికిని ఓడినవానికిని గ్రంథములో మిగిలిన చోటు ఒక్కటే. ఇక రెండవ అధ్యాయపు మొదటి వచనము చూడుడి. పెంతెకొస్తు దినమున అందరు ఒకచోట కూడియుండిరని యున్నది. అందరు! యూస్తు అందులో ఉండెనో లేదో పేరు పెట్టి చెప్పలేదు గాని, అతడు అలిగి పోయెనని లేదు. ఉండెననియే నేను నమ్ముచున్నాను. ఆ అగ్ని నాలుకలు ఒక్కొక్కనిమీద వ్రాలినప్పుడు చీటి ఎవని పేర వచ్చెనని చూడలేదు. అయితే ఆ నడుమ దినములు అతనికి ఎట్లు గడచెను? మత్తీయ ఎదురుపడినప్పుడు ఏమనెను? పేతురు అతని యింటికి పోయెనా? సంఘము ఆ దినములలో యూస్తును ఎట్లు చూచుకొనెనన్నదే నాకిప్పుడు ముఖ్యమైన సంగతిగా తోచుచున్నది. మేము మా యూస్తును గడ్డివామునకు కప్పితిమి.

పౌలు పందెపు మాట కూడ ఇక్కడ చెప్పక తప్పదు. పందెమునందు పరుగెత్తువారు అందరు పరుగెత్తుదురు గాని ఒక్కడే బహుమానము పొందునని కొరింథీయులకు వ్రాసెను. యౌవనస్థుల కూటములలో బల్లమీద ఒక వెండి కప్పు పెట్టి నేను ఆ వచనము బోధించియున్నాను. కాని అదే పౌలు చెరసాలలో ముసలితనమున తిమోతికి వ్రాయునప్పుడు తన పరుగు కడముట్టించితిననెను గాని, మొదట వచ్చితినని అనలేదు. కిరీటమును తనకు మాత్రమే కాదు, ప్రభువు ప్రత్యక్షతను అపేక్షించువారందరికిని అనెను. మొదటి పత్రికకును ఈ పత్రికకును నడుమ ఆయన ఎన్ని దెబ్బలు తినెనో!

నైస్మిత్ గారిని మరల ఒకమారు తలచుకొనుడి. 1898లో ఆయన కాన్సస్ విశ్వవిద్యాలయమునకు ప్రార్థనాలయపు పెద్దగాను వ్యాయామ గురువుగాను పోయెను. అక్కడి జట్టుకు ఆయన శిక్షకుడుగా ఉన్న యేండ్లలో గెలిచినవి 55, ఓడినవి 60. ఆ విశ్వవిద్యాలయపు శిక్షకులలో గెలుపులకంటె ఓటములు ఎక్కువగా గలవాడు ఆయన యొక్కడే, ఆట కనిపెట్టినవాడే! దానివలన ఆయన ధనవంతుడును కాలేదు. 1936లో బెర్లిన్ ఒలింపిక్కులలో తన ఆట మొదటిసారి ఆడగా చూచి, 1939లో చనిపోయెను. ఆ అయిదు ఓటముల తేడా ఆయనను బాధించెనో లేదో నేనెరుగను, నేనైతే బాధపడుదును.

మన దగ్గరి మాట చెప్పవలెనన్న, విశాఖపట్నములో ఆడిన తెలుగు టైటన్స్ కబడ్డీ జట్టు 2021–22 సీజనులో 22 ఆటలకు ఒక్కటే గెలిచెను. తరువాతి సీజనులో రెండు. ఆ పైయేడు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు వేలములో తీసికొనియు మరల రెండే. మూడు సీజనులు వరుసగా అట్టడుగున. మల్కాపురపు టీ దుకాణములలో వారిని తిట్టినంతగా మరి యెవరిని తిట్టియుండరు. అయినను 2025 ఆగస్టులో ఆ లీగు పండ్రెండవ సీజను విశాఖలోనే మొదలైనప్పుడు తిట్టినవారే టిక్కెట్లు కొనిరి. లోకస్థులు తమ ఓడిన జట్టును విడువకుండగా, మనమేమి చేసితిమి?

నేను చేసినది కొంచెమే. ఫిబ్రవరిలో ఆ తండ్రికి కబురంపి, సంఘము యెదుట నా తప్పు ఒప్పుకొందునంటిని. ఆయన వద్దనెను. “పెద్దోరు మీరు, బాగోదండి” అన్నాడు. అయినను ఒక ఆదివారము యూస్తునుగూర్చి ప్రసంగించి, ఫ్లెక్సీ సంగతి చెప్పితిని. కోశాధికారిగారికి కొంత కోపము వచ్చినది. గడ్డివాము సంగతి గుడిలో ఎందుకని. ఆయన కోపము కూడ న్యాయమే. ఇప్పుడు మేము కవరులు చదువునప్పుడు, ఆ వారము దొరకనివారు, తప్పినవారు, తిరిగి వచ్చినవారు ఎవరైన ఉన్నారా అని అడిగి వారి పేరటకూడ ప్రార్థించుచున్నాము. కొందరికి ఇది నచ్చలేదు. స్తుతి దినమున ఏడుపెందుకని అనుచున్నారు. వారి మాటయు ఆలోచింపదగినదే. ఆ వెనుక చాప అమ్మ ఇప్పుడు లేదు గాని, ఉన్నయెడల ఆమెను అడిగియుందును.

కుర్రవాడు ఇప్పుడు గాజువాకలో ఒక గోదాములో పనిచేయుచు, సాయంకాలము కాలనీ పిల్లలకు ఆట నేర్పుచున్నాడు. ఈ యేటి కోత పండుగకు అతడు ఊరికి వచ్చెను. మా గుడి తలుపు పొట్టిది. వంగి లోపలికి వచ్చి మగవారి వరుసలో చివర కూర్చుండెను. కవరులు నా చేతికి వచ్చినవి. అతని కవరుమీద ఐదువందల రూపాయలని యున్నది. కారణము వ్రాయవలసిన చోట ఏమియు లేదు. పేర్లు మాత్రము రెండున్నవి, అతనిది ఒకటి, నేనెరుగనిది ఒకటి. రెండును ఉన్నవి ఉన్నట్లు చదివితిని.

“ఆ రెండోది ఎవరిదయ్యా?” అని స్త్రీల ప్రక్కనుండి ఒక అమ్మ అడిగెను.

అతడు చెప్పుటకు లేచి నిలువబడెను.